మెదడులోని లింఫోమా: చిత్రం చూపేది, చిత్రానికి అందనిది

తలనొప్పి ఎరుగని ఇల్లు లేదు. శొంఠి అరగదీసి నుదుట పట్టు వేయడం, అణుతైలం రెండేసి చుక్కలు ముక్కులో వేయడం, వేళకు భోజనం, వేళకు నిద్ర - ఈ ఉపచారాలతో ఉపశమించే తలనొప్పులే లోకంలో అధికం. అర్ధావభేదకమనీ, సూర్యావర్తమనీ మన గ్రంథాలు పేర్కొన్న శిరోరోగాలకు మన వైద్యంలో చక్కని మార్గాలున్నాయి. ఈ పత్రిక పాఠకులకు అవి కొత్త కావు. అయితే తలలో పుట్టే ప్రతి బాధనూ ఈ ఒక్క కొలతతోనే కొలవడం ప్రమాదకరం. కొన్ని వ్యాధులు తలనొప్పి వేషంలోనో, మతిమరుపు వేషంలోనో ఇంట్లో ప్రవేశిస్తాయి. అటువంటి వాటిలో ఒకదానిని గురించి, దానిని గుర్తించడంలో ఆధునిక చిత్రపరీక్షల పాత్రను గురించి నా అభిప్రాయం పాఠకుల ముందుంచుతున్నాను.

ఆ అభిప్రాయం సూటిగా ఇది. మెదడులో లింఫోమా అనే అర్బుదం ఉందన్న అనుమానానికి తావున్నప్పుడు తైలాలతో, చూర్ణాలతో కాలం గడపక వెంటనే మెదడు చిత్రం తీయించాలి. ఆ చిత్రం దోషాన్ని చూపిన తరువాత కూడా దానికి పేరు పెట్టే పని చిత్రానికి వదలకూడదు. అన్నింటికంటే ముఖ్యంగా, పరీక్షలు పూర్తి కాకముందు ఊరూపేరూ లేని పొడులు మింగి రోగి తన వ్యాధికి తానే ముసుగు వేసుకోకూడదు. ఈ మూడవ మాట చెప్పవలసిన బాధ్యత అల్లోపతి వైద్యులకంటే మా ఆయుర్వేద వైద్యులపైనే ఎక్కువగా ఉంది.

వ్యాధి స్వరూపం

శరీరాన్ని రక్షించే తెల్లకణాలలో లింఫోసైట్లు ఒక జాతి. అవి కట్టుతప్పి పెరగడం వల్ల కలిగే అర్బుదమే లింఫోమా. సాధారణంగా ఇది మెడలో, చంకలో, గజ్జలలో గ్రంథులు ఉబ్బడంతో బయటపడుతుంది, చేతికి తగులుతుంది. కాని అరుదుగా ఇది మెదడులోనో, వెన్నుపాములోనో, వాటిని కప్పిన పొరలలోనో, కంటి లోపలనో మాత్రమే పుడుతుంది. మెదడులో పుట్టే గడ్డలలో దీని వాటా నూటికి 2 నుంచి 4 వరకు ఉంటుంది. ఇందులో నూటికి 90కి పైగా బి-జాతి లింఫోసైట్ల నుంచి పుట్టిన ఒకే రకానికి చెందుతాయి. అరవై సంవత్సరాల ప్రాంతంలోనూ, ఆ పైబడినవారిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. ఎయిడ్స్ కారకమైన హెచ్.ఐ.వి. సోకినవారికి, మూత్రపిండాల వంటి అవయవమార్పిడి చేయించుకొని రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడుతున్నవారికి చిన్న వయసులోనే రావచ్చు.

దీని లక్షణాలు ఇంట్లోవారిని సులభంగా మోసగిస్తాయి. శాంతస్వభావుడైన పెద్దమనిషి వారం పది రోజులలో చిరాకు మనిషి అవుతాడు, లేదా ఏదీ పట్టనట్టు మౌనం వహిస్తాడు. లెక్కలలో దిట్ట అయిన గృహిణి పాలవాడి లెక్క తప్పుతుంది. ఒక కాలు ఈడుస్తూ నడవడం, ఒక చేయి పట్టు సడలడం, మాట తడబడడం, తెల్లవారుజామున తలనొప్పితో వాంతి కావడం, అరుదుగా మూర్ఛ, కళ్ళముందు నల్లని మచ్చలు తేలడం కూడా ఉండవచ్చు. ఇతర లింఫోమాలలో కనిపించే జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఇక్కడ సాధారణంగా ఉండవు. కనుక పెద్ద వ్యాధి అన్న అనుమానమే కలగదు. వయసు మీదపడిందనీ, వాతం కమ్మిందనీ సరిపెట్టుకుంటారు. వార్ధక్యపు మతిమరుపు సంవత్సరాల తరబడి నెమ్మదిగా సాగేది. ఇది వారాలలో ముదిరేది. గృహస్థులు గుర్తుంచుకోవలసిన భేదం ఇదే.

శాస్త్రం కాదన్నదా?

ఆయుర్వేదం చదివినవాడు స్కానింగును సమర్థించడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాడి చూసి సర్వం చెప్పగలగాలి కదా అని నన్ను అడిగినవారున్నారు. వారికి నేను చెప్పే సమాధానం చరకసంహితలోనే ఉంది. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అనే త్రివిధ పరీక్షలలో దర్శనం మొదటిది. అయితే కంటికి కనిపించనంత మాత్రాన వస్తువు లేదనుకోరాదని చరకాచార్యులు సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో హెచ్చరించారు. ఉన్నది కూడా కనిపించకపోవడానికి ఎనిమిది కారణాలను అక్కడ లెక్కించారు. అతి సమీపం, అతి దూరం, ఆవరణం, ఇంద్రియ దౌర్బల్యం, మనస్సు నిలకడగా లేకపోవడం, సమానమైన వాటిలో కలిసిపోవడం, బలవత్తరమైన మరొకదాని చేత అణగిపోవడం, అతి సూక్ష్మం కావడం - ఇవీ ఆ ఎనిమిది.

మెదడు లింఫోమా విషయంలో వీటిలో నాలుగు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. మొదటిది ఆవరణం. కపాలమనే ఎముక పెట్టెలో భద్రపరచిన అవయవాన్ని వైద్యుని కన్ను చూడలేదు, చేయి తాకలేదు. ఆ ఆవరణాన్ని తొలగించకుండానే లోపలిది చూపగలిగిన పరికరం దర్శన పరీక్షకు విరోధి కాదు, దానికి విస్తరణ. ఇంగ్లండుకు చెందిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కానర్‌తో 1971లో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగి మెదడును చిత్రించారు. ఆయనకు, ఆలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది. తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ.కి మూలపురుషులైన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో అదే గౌరవం దక్కింది. శవాన్ని నీటిలో నానబెట్టి, పొర పొరగా ఒలిచి, లోపలి అంగాలను కంటితో చూడమని శిష్యులను ఆదేశించిన సుశ్రుతుని సంప్రదాయానికి వారసులమైన మేము, బతికున్న మనిషి మెదడును నొప్పి లేకుండా చూపే సాధనాన్ని కాదనడం ఏమి న్యాయం?

చిత్రం చూపేది

సి.టి. స్కాన్ ఎక్స్-కిరణాలతో పని చేస్తుంది. త్వరగా పూర్తవుతుంది, చాలా పట్టణాలలో దొరుకుతుంది. లింఫోమా గడ్డలో కణాలు కిక్కిరిసి ఉంటాయి కనుక రంగుమందు ఎక్కించకముందే అది తరచు చుట్టుపక్కల మెదడు కంటే కాస్త తెల్లగా కనిపిస్తుంది. అయితే చిన్న దోషాలు సి.టి.కి అందకపోవచ్చు. అనుమానం బలంగా ఉన్నప్పుడు సి.టి. బాగుందన్న మాటతో తృప్తి పడరాదు.

ఈ వ్యాధికి ప్రధానమైన పరీక్ష గడోలినియం అనే మందు సిరలోకి ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. ఇందులో ఎక్స్-కిరణాలు లేవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు మాత్రమే ఉంటాయి. రక్తానికీ మెదడుకూ మధ్య ప్రకృతి ఒక కట్టుదిట్టమైన అడ్డుగోడ నిర్మించింది. గడ్డ ఉన్నచోట ఆ గోడ చెడుతుంది. సిరలోకి ఎక్కించిన మందు అక్కడికి చేరి, ఆ భాగం చిత్రంలో వెలుగుతుంది. రోగనిరోధక శక్తి బాగున్న వ్యక్తిలో లింఫోమా గడ్డ సాధారణంగా అంతటా ఒకే తీరుగా, ముద్దలా వెలుగుతుంది. నిరోధకశక్తి క్షీణించినవారిలో నడుమ చీకటిగా, చుట్టూ ఉంగరంలా వెలగడం కద్దు. మెదడులోని నీటిగదుల అంచున, రెండు అర్ధగోళాలను కలిపే వంతెనలో, లోతైన కేంద్రాలలో ఉండడం దీనికి అలవాటు. ఎక్కువమందిలో ఒకే గడ్డ ఉంటుంది, కొందరిలో అనేకం ఉంటాయి.

ఇంకొక సూక్ష్మం ఉంది. కణజాలంలో నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో కొలిచే విధానం ఎం.ఆర్.ఐ.లో ఉంది. కణాలు కిక్కిరిసిన లింఫోమాలో నీటికి కదలడానికి చోటుండదు. జాతర జనసమ్మర్దంలో మనిషి అడుగు తీసి అడుగు వేయలేనట్టు అక్కడి నీరు నిలిచిపోతుంది. ఆ నిలకడ చిత్రంలో స్పష్టంగా నమోదవుతుంది. గడ్డకు రక్తప్రసారం ఎంత ఉందో కొలిచే మరొక విధానం కూడా ఉంది. గ్లయోబ్లాస్టోమా అనే మరొక దుష్ట అర్బుదంలో రక్తరాశి సాధారణంగా లింఫోమా కంటే ఎక్కువగా ఉంటుంది. వీటితోపాటు పెట్-సి.టి. అనే పరీక్షలో గ్లూకోజు వంటి పదార్థాన్ని ఎక్కించి, ఏ భాగం దానిని ఎక్కువగా పీల్చుకుంటుందో చూస్తారు. లింఫోమా దానిని విపరీతంగా పీల్చుకుంటుంది. శరీరమంతా ఈ విధంగా గాలించి, వ్యాధి మెదడులోనే పుట్టిందా, మరొకచోట పుట్టి మెదడుకు చేరిందా అని తేల్చుకుంటారు. కంటి వైద్యుని చేత కళ్ళ లోపలి భాగం చూపించడం కూడా ఈ పరీక్షలలో ఒక భాగమే.

రోగులు అడిగే సందేహాలకు ఒక మాట. ఎం.ఆర్.ఐ. గొట్టంలో పెద్ద శబ్దం ఉంటుంది, కదలకుండా పడుకోవాలి. అంతకు మించిన బాధ లేదు. గుండెలో పేస్‌మేకర్, తలలో లోహపు క్లిప్పు, కంటిలో లోహపు రజను ఉన్నవారు ముందే చెప్పాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు, గర్భిణులు గడోలినియం విషయం వైద్యునితో చర్చించాలి.

పోలికల చిక్కు

చిత్రం ఇంత చూపినా దానికొక హద్దుంది. అదే చరకుడు చెప్పిన రెండవ ఆటంకం - సమానమైన వాటిలో కలిసిపోవడం. ధాన్యపురాశిలో కలిసిన మరొక ధాన్యపుగింజను వేరుచేయడం కష్టమైనట్టు, చిత్రంలో ఒకదానినొకటి పోలిన వ్యాధులను విడదీయడం కష్టం. మన దేశంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. మెదడులో క్షయగడ్డలు, బద్దెపురుగు పిల్లదశలో కట్టే తిత్తులు ఇక్కడ అరుదు కావు. అవి కూడా ఉంగరంలా వెలుగుతాయి. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి కలిగించే గడ్డలు లింఫోమాను అచ్చంగా పోలి ఉండవచ్చు. చీము గడ్డ నడుమ భాగంలో కూడా నీరు నిలిచిపోతుంది. నరాల పైపొర ఊడిపోయే వ్యాధులు సైతం కొన్నిసార్లు గడ్డ రూపం ధరిస్తాయి.

క్షయకు మందు వేరు, పురుగు తిత్తికి మందు వేరు, గ్లయోబ్లాస్టోమాకు చికిత్స వేరు, లింఫోమాకు చికిత్స పూర్తిగా వేరు. చిత్రం చూసి ఊహించిన పేరుతో చికిత్స ఆరంభిస్తే రోగి అమూల్యమైన కాలం పోగొట్టుకుంటాడు. చిత్రం దొంగ ఉన్న ఇంటిని చూపుతుంది. దొంగ పేరు చెప్పదు.

ఉపశమనమే మోసం చేసినప్పుడు

ఇక మూడవ ఆటంకం - బలవత్తరమైన దాని చేత అణగిపోవడం. పగటిపూట నక్షత్రాలు లేకపోవు, సూర్యకాంతి వాటిని కప్పుతుంది. మెదడు లింఫోమాను అట్లా కప్పే శక్తి స్టెరాయిడ్ మందులకు ఉంది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్‌లు ఇతర మెదడు గడ్డల చుట్టూ ఉన్న వాపును మాత్రమే తగ్గిస్తాయి. లింఫోసైట్‌లనైతే స్వయంగా చంపుతాయి. అందువల్ల చాలామందిలో కొద్ది రోజులలోనే గడ్డ కుంచించుకుపోతుంది. కొందరిలో చిత్రం నుంచి మాయమవుతుంది. రోగి లేచి తిరుగుతాడు. ఇంట్లో దీపం వెలిగినట్టవుతుంది. కాని అది నయం కావడం కాదు. వారాలలోనో, నెలలలోనో గడ్డ అదే చోటనో, మరొకచోటనో తిరిగి తలెత్తుతుంది. ఈ నడుమ ముక్క తీసి పరీక్షించినా చచ్చిన కణాలు తప్ప ఏమీ దొరకక, ఫలితం తేలకపోవచ్చు.

మన నిదానపంచకంలో ఉపశయం ఒకటి. లక్షణాలు గూఢంగా ఉన్న వ్యాధిని, ఏ మందుకు తగ్గిందో, ఏ మందుకు హెచ్చిందో చూసి గుర్తించమన్నారు మన ఆచార్యులు. గొప్ప సూత్రం. ఎన్నో వ్యాధులలో అది నేటికీ దారి చూపుతుంది. కాని మెదడు లింఫోమాలో దానిని గుడ్డిగా ప్రయోగించరాదు. ఇక్కడ తగ్గుదల వ్యాధి పేరు చెప్పదు, పేరు చెప్పే సాక్ష్యాన్ని చెరుపుతుంది. నా తోటి వైద్యులు ఈ భేదం గ్రహించాలని వేడుకుంటున్నాను.

ఇందుకు నేను చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. పదవీ విరమణ చేసిన ఒక గుమాస్తాగారికి మూడు వారాలుగా మతిమరుపు, ఎడమకాలు ఈడ్పు. ఎం.ఆర్.ఐ.లో గడ్డ కనిపించింది. ముక్క పరీక్షకు తేదీ ఇచ్చారు. ఈలోగా ఎవరో చెప్పిన చోట కాగితపు పొట్లాలలో మూలికల పొడి తెచ్చి వాడారు. నాలుగు రోజులలో ఆయన పత్రిక చదవసాగారు. పదిహేను రోజులకు తీసిన రెండవ చిత్రంలో గడ్డ సగానికి పైగా తగ్గింది. ఇక సూది పరీక్ష ఎందుకని కుటుంబం ఆగిపోయింది. ఆ పొడికి అనుపానం ఏమిటో అడగడానికి కుమారుడు తండ్రిని నా వద్దకు తీసుకువచ్చాడు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి విపరీతం, నిద్ర లేదు, లేని చక్కెర వ్యాధి కొత్తగా కనిపించింది. నేనెరిగిన ఏ మూలికా నాలుగు రోజులలో ఈ పనులన్నీ చేయదు. ఆ పొట్లం తీసుకొని వెంటనే నాడీశస్త్రవైద్యుని వద్దకు వెళ్ళి, దాచకుండా అంతా చెప్పమన్నాను. ఆ పొడిని తమంత తాముగా ఒక్కసారిగా మానవద్దని కూడా చెప్పాను. కొంతకాలం స్టెరాయిడ్ పడిన శరీరంలో దానిని హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలుగవచ్చు. వైద్యులు దానిని క్రమంగా మాన్పించి, చిత్రాలు తీస్తూ కనిపెట్టుకొని ఉన్నారు. గడ్డ మళ్ళీ పెరిగింది. అప్పుడు తీసిన ముక్కలో లింఫోమా అని తేలింది. చికిత్స మొదలయ్యేసరికి రెండు నెలలు వృథా అయ్యాయి. ఆ రెండు నెలలలో ఎడమచేయి కూడా పడిపోయింది.

మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడులలో స్టెరాయిడ్ కలుపుతున్నారన్నది మన దేశంలో పలుమార్లు పరీక్షలలో బయటపడిన విషయం. కీళ్ళనొప్పులకు, ఉబ్బసానికి, చర్మవ్యాధులకు అమ్మేవాటిలో ఇది మరీ ఎక్కువ. ఇది ఆయుర్వేదం కాదు, ఆయుర్వేదం ముసుగులో దగా. 1940 నాటి ఔషధ చట్టం ఆయుర్వేద మందులకు కూడా వర్తిస్తుంది. దుకాణంలో కొనే మందు సీసాపై తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఘటకద్రవ్యాల వివరం ఉండాలి. అవి లేని పొట్లాన్ని ఇంట్లోకి రానీయవద్దు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. మెదడు వాపు ప్రాణం మీదికి వచ్చినప్పుడు స్టెరాయిడ్ ఇవ్వక తప్పదు. ఆ నిర్ణయం ఆసుపత్రి వైద్యునిది. అయితే రోగి స్థితి అనుమతిస్తే ముక్క పరీక్ష అయ్యేవరకు స్టెరాయిడ్ ఇవ్వకుండా ఆగడమే మేలని ఈ వ్యాధి ఎరిగిన వైద్యులు భావిస్తారు. ఏ వైద్యుడైనా కారణం తేలకముందే స్టెరాయిడ్ రాసినప్పుడు, లింఫోమా అనుమానం ఏమైనా ఉందా అని వినయంగా అడగడంలో తప్పు లేదు.

సూది పరీక్ష భయం

నాల్గవ ఆటంకం అతి సూక్ష్మత. కణం జాతి ఏదో చెప్పగలిగేది సూక్ష్మదర్శిని మాత్రమే. అందుకే బయాప్సీ. తలలో సూది అనగానే కుటుంబం బెంబేలెత్తుతుంది. సూది తగిలితే వ్యాధి పాకుతుందన్న వదంతి ఒకటి. అది నిరాధారం. చిత్రాల సహాయంతో గడ్డ ఉన్న స్థానాన్ని కచ్చితంగా లెక్కగట్టి, కపాలానికి చిన్న రంధ్రం చేసి, సన్నని సూదితో రవ్వంత ముక్క తీస్తారు. రక్తస్రావం వంటి ప్రమాదం అసలు లేదనను. కాని పేరు తెలియని వ్యాధితో కాలం గడపడం అంతకంటే పెద్ద ప్రమాదం. కొందరిలో వెన్నునీటిలోనో, కంటిలోపలి ద్రవంలోనో లింఫోమా కణాలు దొరికితే తలలో సూది అవసరమే ఉండదు.

పేరు తేలడం వల్ల కలిగే మేలు ఎంతటిదో గమనించండి. ఇతర మెదడు గడ్డలను వీలైనంత కోసి తీయడం సాధారణ పద్ధతి. లింఫోమా మెదడులో సన్నగా అల్లుకొని ఉంటుంది కనుక దీనికి ప్రధానచికిత్స కోత కాదు, మందు. మెథోట్రెక్సేట్ అనే మందును పెద్ద మోతాదులో, ఆసుపత్రిలో ఉంచి, సిరద్వారా ఎక్కిస్తారు; దానికి తోడు మరికొన్ని మందులు ఉంటాయి. చికిత్స చేయకపోతే కొద్ది నెలలలో ప్రాణం తీసే ఈ వ్యాధి, తగిన చికిత్సతో పలువురిలో సంవత్సరాల తరబడి అణిగి ఉంటోంది, కొందరిలో మళ్ళీ రావడం లేదు. ఆ చికిత్స ఎంత పనిచేసిందో చూపేది కూడా తిరిగి ఎం.ఆర్.ఐ. చిత్రమే.

మన వైద్యం స్థానం

ఈ స్థితిలో ఆయుర్వేదానికి పని లేదా? ఉంది, తన హద్దులో. గడ్డను కరిగించే కషాయం నా దగ్గర ఉందని చెప్పేవాడిని నమ్మవద్దు. మెథోట్రెక్సేట్ మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. మూత్రపిండాలను, కాలేయాన్ని శ్రమపెట్టే ఏ మందైనా ఆ సమయంలో విషంతో సమానం. కనుక చికిత్స జరుగుతున్న కాలంలో భస్మాలు, రసౌషధాలు, తిప్పతీగ, అశ్వగంధ వంటివి కూడా అర్బుద వైద్యునికి తెలియకుండా వాడరాదు. లఘువైన వేడి ఆహారం, శుచి, నిద్ర, బలహీనపడిన కాలుచేతులకు వైద్యుని అనుమతితో మృదువైన అభ్యంగం, మనోధైర్యం - ఇవి మనం ఇవ్వగలం. ఇవి చిన్నవి కావు. రోగి ఇంటికి వచ్చిన తరువాత మిగిలిన ఇరవైనాలుగు గంటలు గడిచేది వీటితోనే.

గృహస్థులకు కొన్ని సూచనలు

ప్రతి తలనొప్పికీ స్కాన్ అక్కరలేదు. అనవసరమైన చిత్రాలు ధనాన్ని, మనశ్శాంతిని హరిస్తాయి. కాని యాభై దాటినవారికి కొత్తగా మొదలై ముదురుతున్న తలనొప్పి, వారాలలో మారిన స్వభావం లేదా జ్ఞాపకశక్తి, ఒకవైపు బలహీనత, మాట తడబాటు, కొత్తగా వచ్చిన మూర్ఛ - వీటిలో ఏది కనిపించినా నాడీవైద్యుని చూడాలి. మాట, కాలు, చేయి ఒక్కసారిగా పడిపోతే అది పక్షవాతం కావచ్చు. గంటలలో కాదు, నిమిషాలలో ఆసుపత్రికి చేరాలి.

పాత చిత్రాలు, నివేదికలు పారవేయక తేదీల వరుసలో ఒక సంచిలో భద్రపరచండి. మొదటి చిత్రాన్ని రెండవదాని పక్కన పెట్టి చూసినప్పుడే వైద్యునికి కథ తెలుస్తుంది. గత మూడు నెలలలో రోగి మింగిన ప్రతి మాత్ర, పొడి, లేహ్యం ఒక కాగితంపై రాసి ఇవ్వండి. కీళ్ళనొప్పికి వేసుకున్న సూదిమందును, ఉబ్బసానికి వాడిన మాత్రను మరువవద్దు. మందు వాడిన తరువాత గడ్డ తగ్గిందంటే సంతోషించండి, కాని పరీక్ష మానవద్దు. ఎందుకు తగ్గిందో తెలిసేవరకు వ్యాధి ఇంట్లోనే ఉన్నట్టు లెక్క.

ఆయుర్వేదం మీద గౌరవం ఉన్న కుటుంబాలే ఈ పత్రిక చదువుతాయి. ఆ గౌరవం నిలవాలంటే మన మందు ఎక్కడ పనిచేస్తుందో చెప్పినంత స్పష్టంగా, ఎక్కడ అడ్డుపడుతుందో కూడా మేము చెప్పాలి. వ్యాధిని తెలుసుకున్న తరువాతనే చికిత్స అన్నది మన శాస్త్రంలో మొదటి పాఠం. మెదడులో దాగిన లింఫోమాను తెలుసుకోవడానికి చిత్రం, సూది, సూక్ష్మదర్శిని మూడూ కావాలి. ఆ మూడూ తమ పని ముగించేవరకు ఇంట్లోని చూర్ణాల సీసాలకు మూత బిగించి ఉంచండి.